కొత్త రోలర్ల కొలత

"భోజనాల బల్ల మీద మిషన్ సామాన్లు పెట్టకూడదని మనం ఎప్పుడో అనుకున్నాం," అన్నాడు మామగారు, చేతిలో గరిటె దింపకుండా.

"అనుకున్నది మీరు. నేను ఊఁ అనలేదు," అంది అత్తగారు.

"కాదనలేదుగా. కాదనకపోతే ఒప్పుకున్నట్టే."

"ఎవరింట్లో?"

"మనింట్లోనే! ఇన్నేళ్ళూ నేను ఒప్పుకున్నవన్నీ అలా ఒప్పుకున్నవే."

ఆడపడుచు పక్కున నవ్వింది. కంచం పట్టుకుని బల్ల చుట్టూ ఒకసారి తిరిగింది కానీ దాన్ని పెట్టుకోవటానికి జాగా కనపడలేదు. బల్ల నిండా నల్లటి రోలర్లు బారులు తీరి ఉన్నాయి. ఒక్కోటి అరచేతి నిండా పడుతుంది. మందంగా, మధ్యలో కన్నంతో, కొత్త చెప్పుల వాసన వేస్తున్నాయి. కోడలు వాటిని ఒక్కొక్కటే పొడిగుడ్డతో తుడిచి, కన్నంలో వేలు దూర్చి గిర్రున తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, పక్కన పెడుతోంది.

"వాటికేమైనా జ్వరమా వదినా? గుండె చప్పుడు వింటున్నావు."

"లోపల ఎక్కడైనా గరగరమంటోందేమోనని."

"నేను మాత్రం కంచం ఒళ్ళో పెట్టుకుని తినాలి. సరే, తింటాను. ఈ ఇంట్లో కూతురికన్నా రోలర్లకే మర్యాద."

"రోలర్లు ఎదురు మాట్లాడవు," అంది అత్తగారు.

మామగారు ఇంకా వదల్లేదు. "నల్లగా మసి అంటుకుంటుందే బల్లకి!"

"కొత్తవండీ అవి. ఇంకా నేల మొహం చూళ్ళేదు. మీ బంగాళాదుంపలకన్నా శుభ్రంగా ఉన్నాయి."

ఆ మాటతో మామగారు వంటింట్లోకి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ, "మేస్త్రిగారికి భోజనం బల్ల మీద కావాలో గుంటలో కావాలో కనుక్కుని చెప్పండి," అని మాత్రం అనకుండా వెళ్ళలేదు. భార్యని ఆయన మేస్త్రిగారూ అనే పిలుస్తాడు. వెక్కిరింతకి మొదలుపెట్టిన పిలుపు, ఎప్పటినుంచో అలవాటైపోయింది.

ఆ పిలుపులో అబద్ధమేమీ లేదు. వీధి మలుపులో ఉన్న కార్ వాష్ అత్తగారిది. బట్టల మిల్లులో పనిచేసేటప్పుడు మిషన్ల మధ్యే ఆవిడ వయసంతా గడిచింది. మిల్లు మూతపడ్డాక అందరూ ఏ కొట్టో పెట్టుకోమంటే, ఆవిడ ఎవరో వదిలించుకుంటున్న పాత కార్ వాష్ మిషన్ని కొనుక్కొచ్చింది. లారీ మీంచి ముక్కలు ముక్కలుగా దింపిన దాన్ని తనే నిలబెట్టింది. హోటల్లో వంటచేసే మామగారు ఆ పని మానేసి, ఇంట్లో వంటా, షెడ్డులో డబ్బుల కిటికీ చూసుకుంటున్నాడు. కొడుక్కి కరెంటూ బ్రష్షులూ. కూతురు చివర్న నిలబడి, బయటికొచ్చిన కార్లని తువ్వాళ్ళతో తుడుస్తుంది. పెళ్ళయి వచ్చినప్పటినుంచీ కోడలిది, కార్లు ఒకవైపు దూరి ఇంకోవైపు తేలే టన్నెల్ ముందు చోటు. అద్దాల మీద అంటుకున్న మురికిని నీళ్ళతో నానబెట్టి, డ్రైవర్లకి చేతులూపి, కారు ఎడమ చక్రాన్ని నేల మీది గాడిలోకి రప్పించటం ఆమె పని.

చక్రం గాడిలోకి రాగానే డ్రైవరు గేరు తీసేసి చేతులు కట్టుకుని కూర్చోవాలి. గాడి కింద గుంటలో పొడవాటి గొలుసు ఒకటి తిరుగుతూ ఉంటుంది. దానికి వరసగా రోలర్లు ఉంటాయి. ఒక రోలరు వచ్చి చక్రం వెనక చేరి, వీపు మీద చెయ్యేసి నెట్టినట్టు నెడుతుంది. కారు నురుగులోకి, బ్రష్షుల్లోకి, వేడిగాలిలోకి దానంతటదే వెళ్తుంది. రోలరు బాగా అరిగిపోతే మాత్రం చక్రాన్ని నెట్టలేక దాని కిందనుంచి జారిపోతుంది. కారు ఉన్నచోటే నిలబడిపోతుంది. వెనక కారు మాత్రం వస్తూనే ఉంటుంది.

పోయిన వారం అదే జరిగింది. ఒక టాక్సీ నురుగు మధ్యలో ఆగిపోయింది. వెనకనుంచి పాలవాన్ వచ్చి దాన్ని తాకబోతుండగా కోడలు పరుగెత్తి గొలుసు ఆపే ఎర్ర బొత్తాం నొక్కింది. టాక్సీ డ్రైవరు నురుగులోంచి బయటికొచ్చి, తలంతా తెల్లగా, "అమ్మా, నేను కారు కడగమన్నాను, నన్ను కాదు," అన్నాడు. అందరూ నవ్వారు. అత్తగారు మాత్రం నవ్వలేదు.

అలాంటప్పుడు గుంటలోకి దిగేది ఆవిడే. ఈ ఏడు మోకాలు వంగటం లేదు. కొడుకు దిగబోతే నడుము దగ్గర ఇరుక్కుని, ఇద్దరు పట్టి లాగాల్సొచ్చింది. "బయటి మెకానిక్‌ని పిలుద్దాం," అని అతనంటే, "నా మిషన్ని ఇంతవరకు పరాయి చెయ్యి ముట్టుకోలేదు," అంది అత్తగారు.

"నేను పరాయిదాన్నా అత్తయ్యా?" అంది కోడలు.

ఆవిడ చాలాసేపు కోడలి చేతుల వైపు చూసింది. "సరే. రోలర్లు నువ్వే తెప్పించు, నువ్వే బిగించు. బాగా నడిచిందా, గుంట నీది. నడవకపోతే మళ్ళీ అద్దాలు తుడుచుకోవాలి. తర్వాత నన్ను అనకూడదు."

అప్పటివరకు ఆ మిషన్‌కి రోలర్లు పాత సామాన్ల కొట్లోంచే వచ్చేవి. ఎక్కడో విప్పేసిన మిషన్లవి ఏరుకొచ్చి, బాగా అరిగినవి తీసేసి, కొంచెం తక్కువ అరిగినవి పెట్టేది అత్తగారు. కోడలు మాత్రం పట్టుబట్టి కొత్తవి తెప్పించింది. మిషన్ పక్కన బిగించిన ఇత్తడి పలక మీద మురికి గోకి, అక్కడున్న నంబరు చూసి, అదే నంబరు చెప్పి తెప్పించింది. ఆ పెట్టెలు వచ్చిన రోజునుంచీ ఆమె నడకే మారిపోయింది.

*

కార్ల రద్దీ ఉండని మధ్యాహ్నం చూసి గేటుకి గొలుసు వేశారు. గుంట మీది ఇనుప మూతలు తెరిచారు. అత్తగారు పైన ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, చేతికర్ర అడ్డంగా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. భర్త బొత్తాం దగ్గర నిలబడ్డాడు.

కోడలు పాతచీర ముక్క తలకి చుట్టుకుని దిగింది. కింద సబ్బు బురద మోకాళ్ళదాకా ఉంది. మొదటి రోలరు పిన్ను తుప్పు పట్టి రాలేదు. నూనె వేసి, ఆగి, సుత్తితో తట్టి, మళ్ళీ ఆగింది. పిన్ను ఊడి బురదలో పడింది. కోడలు పాతదాన్ని పైకి విసిరి, కొత్తదాన్ని చోటులో కూర్చోబెట్టి, క్లిప్పు నొక్కింది. అది టక్కుమంది.

"ఊఁ," అంది అత్తగారు. ఆవిడ మెచ్చుకోలు అంతకన్నా పొడుగు ఉండదు.

"కొంచెం జరపండి!" అని కోడలు కేకేస్తే భర్త బొత్తాం నొక్కి వదిలేవాడు. గొలుసు మూరెడు జరిగేది. ఇంకో రోలరు ఎదురుగా వచ్చేది. ఒకటి రెండయ్యాక చేతులకి దారి తెలిసిపోయింది. ఏ పిన్ను మొండికేస్తుందో తట్టగానే చెప్పగలుగుతోంది. ఆడపడుచు పైనుంచి కొత్తవి అందిస్తూ, "టైలరుగారి అమ్మాయి గుండీలు కుట్టినట్టు కుట్టేస్తోందమ్మా," అంది. కోడలికి లోపల్లోపల ఎక్కడో వెచ్చగా అనిపించింది. మొహం మీద బురద ఉండటం మంచిదయింది, ఎవరికీ కనపడలేదు.

కొత్తవి బిగించిన వరస గుంట నోటినుంచి టన్నెల్ మధ్యకి జరిగింది. అప్పుడు వచ్చింది చప్పుడు. పళ్ళు కొరికినట్టు కిర్రుమని, గొలుసు ఒక్క గుంజు గుంజి ఆగిపోయింది. మోటారు మూలిగింది. స్విచ్ దానంతటదే పడిపోయింది.

మళ్ళీ నొక్కారు. మళ్ళీ అదే. వెనక్కి తిప్పితే వస్తోంది, ముందుకి తిప్పితే అదే చోట పట్టేస్తోంది.

అత్తగారు వంగి, పాత రోలరొకటి, కొత్తదొకటి తీసి పక్కపక్కన పట్టుకుంది. కొత్తది చిటికెన వేలి మందమంత పెద్దగా ఉంది.

"సైజు తప్పు తెప్పించావు."

"నంబరు అదేనత్తయ్యా. పలక మీద చూసే చెప్పాను."

"పలక మాట నాకెందుకు? చేతిలో కనపడుతోంది కదా."

"పాతవి అరిగాయి. కొత్తప్పుడు ఇంతే ఉండుంటాయి."

"ఉండుంటాయా? నువ్వు చూశావా?"

"మీరు చూశారా?"

గుంటలోంచి ఆ మాట కొంచెం గట్టిగానే వచ్చింది. ఆడపడుచు నోటిమీద చెయ్యి పెట్టుకుంది. నిజానికి ఆ ఇంట్లో ఎవరూ ఈ మిషన్ మీద కొత్త రోలరుని ఏనాడూ చూడలేదు. అయినా అత్తగారు అటువంటి మాటకి తగ్గే మనిషి కాదు.

"నేను చూసింది మిషన్ని. పెళ్ళైన కొత్తలో మీ మావయ్యనైనా ఇంత చూళ్ళేదు. ఇది ఎప్పుడూ తప్పు చెయ్యలేదు. తప్పంటూ ఉంటే బయటినుంచి వచ్చినదాన్లోనే ఉంటుంది."

కోడలు తల ఎత్తలేదు. బయటినుంచి వచ్చినది అన్నది రోలర్ల గురించే అని తెలుసు. తెలిసినా గుచ్చుకుంది.

భర్త మధ్యలో దూరాడు. "పోనీ, పెద్దగా ఉంటే చిన్నవి చేద్దాం. సానమిషన్ ఉందిగా. పాతవాటి సైజుకి అరగదీస్తే సరి."

"అదీ మాట," అంది అత్తగారు.

"అరగదీయటానికా కొత్తవి కొన్నాం?" అంది కోడలు. "అప్పుడు వాటికీ పాతవాటికీ తేడా ఏముంది?"

"నున్నగా ఉంటాయి."

"ఏవండీ, కొత్త చొక్కా కొనుక్కుని పాతదానితో సమానంగా చింపుకుంటారా?"

"చొక్కా వేరు, రోలరు వేరు," అన్నాడు అతను. కానీ ఆ మాట అన్నాక తల గోక్కున్నాడు.

"నాకు రేపు పొద్దుటిపూట ఇవ్వండి అత్తయ్యా. గేటు తెరిచేలోపు ఒకసారి లోపలిదాకా చూస్తాను."

"ఏం చూస్తావు?"

"తెలీదు. తెలిస్తే ఇప్పుడే చెప్పేదాన్ని."

"చూడు. వాడు మాత్రం రేపు మధ్యాహ్నం నుంచి సాన పట్టటం మొదలుపెడతాడు." కుర్చీలోంచి లేస్తూ అత్తగారు అంది, "ఇప్పుడైతే పాతవి పెట్టెయ్. సాయంత్రం టాక్సీలు వస్తాయి."

పొందిగ్గా బిగించినవాటిని ఒక్కొక్కటే విప్పటానికి బిగించిన దానికన్నా ఎక్కువ సేపు పట్టింది. క్లిప్పు తీసిన ప్రతిసారీ టక్కుమంది. సాయంత్రం మళ్ళీ ఆమె టన్నెల్ ముందు నిలబడి, అద్దాలు తుడుస్తూ, ఒక కన్ను ఎర్ర బొత్తాం మీదే ఉంచింది.

*

ఇంటికెళ్ళాక ఆమె వంటింట్లో మామగారి పక్కన కూర్చుని కూరగాయలు తరగటానికి కత్తి అందుకుంది. ఆయన కత్తి లాక్కుని, సబ్బు చేతికిచ్చాడు. "ముందు మోచేతులదాకా. మా కూరలో గ్రీజు రుచి ఎవరికీ అక్కర్లేదు."

చేతులు కడుక్కుంటూ ఆమె అడిగింది, "మావయ్యా, ఒక సందేహం. ఆ పాత రోలర్లు ఎంత అరిగాయో చూశారుగా. చిటికెన వేలంత. అంత అరిగినవి చక్రాన్ని అందుకోనేకూడదు. ఎప్పుడో జారిపోవాల్సింది. ఇన్నేళ్ళు కార్లని ఎలా నెట్టాయి?"

"అవేం నెడతాయి? మీ అత్త నెట్టించింది."

"ఎలా?"

"నాకేం తెలుసు? ఏడాదికోసారి మిషన్ మొరాయించేది. ఈవిడ మూతి ముడుచుకుని గుంటలోకి దిగేది. రెండు పూటలు పైకి వచ్చేది కాదు. క్యారేజీ తాడుకట్టి దింపేవాణ్ణి. ఎక్కేటప్పుడు మాత్రం కూనిరాగం తీస్తూ ఎక్కేది. మర్నాటినుంచి మిషన్ పరుగో పరుగు. ఏం చేశావే అంటే 'సర్దాను' అనేది." ఆయన మూత పెట్టి మంట తగ్గించాడు. "నేను అంతకుమించి అడగలేదమ్మా. కూరలో నేనేం వేశానో తను అడగదు. గుంటలో తనేం చేసిందో నేను అడగను. మా కాపురం ఇలా నడుస్తోంది."

ఆ చెప్పటంలో ఫిర్యాదు లేదు. ఒక మిల్లు కూలీ ఒంటరిగా గుంటలోకి దిగి, అందరూ చెత్త అన్న మిషన్ని గుర్రంలా పరిగెత్తించటం చూసిన మనిషి గొంతు అది. చెప్తూ చెప్తూ ఆయన నిటారుగా నిలబడ్డాడు.

సర్దాను. కోడలు ఆ మాటని నోట్లో నానబెట్టుకుని పడుకుంది.

*

పొద్దున్నే, వీధిలో ఇంకా చెత్త బండి కూడా రాకముందు, ఆమె ఒక్కతే షెడ్డుకి వెళ్ళింది. గుంట నోటి దగ్గర కాకుండా, గొలుసు పట్టేసిన చోట, టన్నెల్ మధ్యలో మూతలు లేపింది. అక్కడి మూతలు ఏడాదికోసారి తప్ప లేవవు. ఇనుపకడ్డీ పెట్టి బరువంతా వేస్తేగాని కదల్లేదు. తలకి లైటు కట్టుకుని, పడుకుని, లోపలికి చూసింది.

గొలుసు రోలర్లు ఒక ఇనుప పట్టా మీద దొర్లుతాయి. ఆ పట్టా సిమెంటు మీద ఆనుకుని ఉండాలి. ఇక్కడ ఆనుకుని లేదు. పట్టాకీ సిమెంటుకీ మధ్య ఏవో ఉన్నాయి. వేలితో బురద తుడిచింది. పైన తెల్లటి అల్యూమినియం రేకు. దాని కింద ఎవరో నూనె డబ్బా కోసి తీసిన ఆకుపచ్చ రేకు, మీద సగం అక్షరాలు. దాని కింద ఇంకో రేకు, తుప్పుతో ఎర్రగా. దాని కింద ఇంకోటి. పొరల మీద పొరలు. ఒక్కో పొరా ఒక్కో ఏడు.

చూడగానే ఆమెకి అర్థమయింది. టైలరు పని చేసే వాళ్ళ నాన్న దగ్గరికి ఒక కాపలాదారు ఏటా ఒకే ప్యాంటు పట్టుకొచ్చేవాడు. జబ్బుచేసి చిక్కిపోతున్న మనిషి. నాన్న ఏటా కొంచెం కొంచెం లోపలికి మడిచి కుట్టేవాడు. జబ్బు తగ్గి ఒళ్ళు వచ్చాక అతను ఆ ప్యాంటే తొడుక్కోబోయి, "బట్ట కుంచించుకుపోయింది," అని గొడవపడ్డాడు. నాన్న నవ్వి, కుట్లు విప్పి, మడతలన్నీ తీసి చూపించాడు. బట్ట ఏమీ కుంచించుకుపోలేదు.

ఇదీ అంతే. రోలర్లు అరిగి కిందికి దిగినప్పుడల్లా అత్తగారు పట్టా కింద ఒక రేకు పెట్టి దాన్ని పైకి లేపింది. అలా లేచి లేచి పట్టా ఇప్పుడు ఎక్కడో ఉంది. దాని మీదికి పూర్తి సైజు రోలరు వస్తే పైన మూతకి కొట్టుకోక ఏం చేస్తుంది?

బోల్టులు విప్పి, అన్నిటికన్నా అడుగున ఉన్న రేకు బయటికి లాగింది. దాన్ని చూస్తే ఆమెకి కోపం రాలేదు. తప్పు తనది కాదని తేలిన సంతోషం కూడా అంతగా రాలేదు. పట్టా వెడల్పుకి సరిగ్గా సరిపోయేలా కోసిన రేకు అది. నాలుగు అంచులూ నున్నగా అరగదీశారు. చెయ్యి తెగకుండా మూలలు గుండ్రం చేశారు. బోల్టు కన్నాలు ఒక్క వెంట్రుకవాసి కూడా పక్కకి పోలేదు. చీకటి గుంటలో, ఎవరూ చూడని చోట, ఎవరూ చూడరని తెలిసీ ఇంత చక్కగా చేసిన పని. మా అత్తగారు చేసింది, అనుకుంది. అనుకోగానే ఛాతీ నిండినట్టయింది.

"ముట్టుకోకు వాటిని!"

అత్తగారు చేతికర్ర టకటకలాడించుకుంటూ వస్తోంది. "అవి తీస్తే మిషన్ కూలబడుతుంది. ఎవరు తియ్యమన్నారు?"

"ఒక్కసారి ఇలా కూర్చోండత్తయ్యా."

"కూర్చోను. లోపల పెట్టు ముందు."

"పెడతాను. ఇంత బాగా చేసిన దాన్ని బయట పారేస్తానా?"

ఆ మాటకి ఆవిడ ఆగింది. కోడలు రేకుని పైకి అందించింది. అత్తగారు కొంగుతో తుడిచి అంచు మీద బొటనవేలు నడిపించింది.

"ఇది మొదటిది," అంది నెమ్మదిగా. "అప్పుడు ఆకురాయి కూడా లేదు. సిమెంటు మెట్టు మీద రుద్దాను."

"ఏటా ఒకటి పెట్టారు కదా?"

"ఏటా."

"రోలర్లు అరిగినందుకు పెట్టారు. ఇప్పుడివి అరగని రోలర్లు."

అత్తగారు కొత్త రోలరొకటి చేతిలోకి తీసుకుంది. రెండో చేతిలో రేకు. రెండిటినీ మార్చి మార్చి చూసింది. ఆవిడ మొహంలో లెక్క తేలటం కోడలికి కనిపించింది. ముందు కళ్ళు చిన్నవయ్యాయి, తర్వాత పెదవులు బిగుసుకున్నాయి.

"నేను పెట్టానని మర్చిపోలేదమ్మాయ్," అంది చివరికి. "పెట్టి పెట్టి, అవి కూడా మిషనే అనుకున్నాను."

కోడలు ఆ ఒక్క పట్టా ముక్క కింద రేకులన్నీ తీసి, దాన్ని సిమెంటు మీద కూర్చోబెట్టి బిగించింది. గొలుసుకి ఒక్క కొత్త రోలరు తగిలించి, ఆ ముక్క మీద మాత్రం మూత వేసింది. అత్తగారే వెళ్ళి బొత్తాం నొక్కింది. రోలరు వచ్చింది, పట్టా మీదికి ఎక్కింది, మూత కిందనుంచి దూరి అవతలికి దొర్లిపోయింది. కిర్రుమనలేదు. బరువైన పెట్టెని నున్నటి నేలమీద తోసినట్టు, ఒక లోతైన చప్పుడు మాత్రం వినిపించింది.

అత్తగారు వెనక్కి తిప్పి మళ్ళీ నడిపించింది. మళ్ళీ వింది. "ఈ చప్పుడు నేను ఇంతవరకు వినలేదు," అంది. "కొత్తగా ఉన్నప్పుడు ఇది ఇలా పాడేదన్నమాట."

"చివరిదాకా పట్టాలన్నీ ఇలాగే రేకుల మీదున్నాయి. కొన్ని తీసి కొన్ని ఉంచితే మళ్ళీ ఎక్కడో పట్టేస్తుంది. ఒకేసారి తియ్యాలి. నిన్నటిలా ఒక పూట కాదు, పనయ్యేదాకా గేటు మూస్తేగాని కుదరదు."

"గేటు ముయ్యటమా?" అత్తగారు ఉలిక్కిపడింది. మిల్లు మూతపడ్డప్పటినుంచీ ఆ మాటంటేనే ఆవిడకి గిట్టదు. మామగారికి ఆపరేషన్ అయిన రోజు కూడా గేటు తెరిచే ఉంది. "చూద్దాం," అని, రేకుని కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది.

కోడలు పట్టా కింద మిగిలిన రేకులు మళ్ళీ పేర్చి, పాత రోలరు తగిలించి, మూతలు వేసేసింది. ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. "ఏమైనా కనపడిందా?" అని భర్త అడిగితే, "అత్తయ్యనడగండి," అంది. తను చెప్తే అది తప్పు పట్టుకున్నట్టు ఉంటుంది. ఆ రేకుల గురించి చెప్పవలసింది వాటిని కోసిన చెయ్యే అనుకుంది. కానీ చెప్పకపోతే? మధ్యాహ్నం నుంచి సానమిషన్ తిరుగుతుంది. కొత్త రోలర్లన్నీ ముసలివైపోతాయి. తను మళ్ళీ అద్దాలు తుడుచుకుంటుంది.

పొద్దంతా కార్లు వచ్చాయి. అత్తగారు డబ్బుల కిటికీ పక్కన కుర్చీ వేసుకుని టన్నెల్ చప్పుడు వింటూ కూర్చుంది. మధ్యాహ్నం వెనకనుంచి సానమిషన్ కూత మొదలయింది. కోడలు తుడుస్తున్న అద్దాన్నే మళ్ళీ మళ్ళీ తుడిచింది. లోపలున్న డ్రైవరు, "అమ్మా, అద్దం ఉందా పోయిందా?" అన్నాడు.

కాసేపటికి భర్త నల్లటి పొడి మీసాల మీద మెరుస్తుండగా, చేతిలో రోలరుతో వచ్చాడు. "అమ్మా, ఒకటి అయింది. చూడు ఎంత నున్నగా వచ్చిందో. పాతదానితో అచ్చు సమానం."

అత్తగారు దాన్ని తీసుకుని తిప్పి చూసింది. "బాగానే అరగదీశావు," అంది. "ఇది చాలు. ఆ మిషన్ ఆపెయ్."

"ఇంకా బోలెడున్నాయి కదా?"

"ఆపి రా. చెల్లెల్ని పిలు. మీ నాన్నని కూడా."

టన్నెల్లో ఉన్న ఆఖరి కారు బయటికి వెళ్ళేదాకా ఆవిడ ఆగింది. అందరూ కిటికీ దగ్గర చేరారు. ఆడపడుచు భుజం మీద తడి తువ్వాలు, మామగారి చేతిలో టీ గ్లాసులు. కోడలు కొంచెం దూరంగా, గాడి పక్కనే నిలబడింది. అత్తగారు కొంగు ముడి విప్పి, ఆ రేకు తీసి కొడుకు చేతిలో పెట్టింది. చేతికర్ర ఆసరాతో లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"రేపు గేటు తెరవటం లేదు. పట్టాల కింద ఇలాంటి రేకులు ఏటా నేనే పెట్టాను. ఇన్నాళ్ళు అవే ఈ మిషన్ని నడిపించాయి. ఇప్పుడు వాటితో పని అయిపోయింది. అన్నీ తీసేసి కొత్త రోలర్లు పూర్తి సైజువి బిగిస్తున్నాం. గుంట అమ్మాయిది. గేటు మళ్ళీ ఎప్పుడు తియ్యాలో తనే చెప్తుంది, ఎవరూ తొందరపెట్టకండి."

మామగారు టీ గ్లాసు మొదట కోడలికి అందించి, "క్యారేజీ ఎన్నిరోజులు దింపాలమ్మా?" అని ఆమెనే అడిగాడు.